గోడ అవతలి నేల

డెన్వర్
మార్చి 7, 1976

అక్కకి,

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే నువ్వు ఉత్తరం సగంలో మడిచి, తర్వాత చదువుతానని పిండి డబ్బా మీద పెట్టి మర్చిపోతావు. నాకు పెద్ద పని దొరికింది. సమాధి రాళ్ళ మీద పేర్లూ పావురాలూ చెక్కీ చెక్కీ చెయ్యి మొద్దుబారిపోయిందని ప్రతిసారీ ఏడుస్తానుగా, ఇక ఏడవను.

స్పెయిన్ నుంచి వచ్చిన ఇద్దరు ఫాదర్లు మన ఊరి మీదుగా ఉత్తరానికి వెళ్ళి ఈ వేసవికి రెండొందల ఏళ్ళు. వాళ్ళ గుర్తుగా ఓహో సెకో దగ్గర, రోడ్డు పక్కన, స్మారకం కడతారట. జిల్లా కమిటీకి పెద్ద పోర్ఫిరియో ఎస్కిబెల్. అదే, బీమా ఏజెంటు. రాతిపని మా యజమానికి ఇచ్చారు, ఆయన నాకు ఇచ్చాడు. ఒక ఫాదర్ చెయ్యెత్తి దూరం చూపిస్తుంటాడు, ఇంకో ఆయన సిలువ పట్టుకుని ఉంటాడు. వాళ్ళ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద దారి చూపించిన మనిషి. ఆ మనిషి మన వంశంవాడేనని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు కదా. అందుకని అతనికి నాన్న ముఖమే పెడుతున్నాను. ఆ బుగ్గ ఎముకలు, ఆ చెవులు. నీ మరదలు లూస్ చూసి, "మామయ్య ఇప్పుడే దగ్గుతాడేమో అన్నట్టుంది" అంది.

ఇంకో మాట. నాది ఓహో సెకో అని తెలిసి ఎస్కిబెల్ గారు నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. చర్చి గోడకీ రోడ్డుకీ మధ్య నాన్న నా పేర రాసిన నేల ఉందిగా, స్మారకానికి అది కావాలన్నారు. రాళ్ళూ ముళ్ళూ తప్ప ఏముందక్కడ. ఊరికే ఇచ్చేశాను, సంతకం చేశాను. మన కుటుంబం పేరు నలుగురి నోళ్ళలో ఉంటుంది. బావకి చెప్పు, ఆయన మీసాల్లో నవ్వుకుంటాడు.

నీ తమ్ముడు
ఒనోఫ్రే

ఓహో సెకో
మార్చి 19

ఒనోఫ్రే,

ఉత్తరం చేరింది. మీ బావ పైకి చదవమన్నాడు. సగం చదివి ఆపేశాను, మిగతాది ఏమీ లేదని చెప్పాను. ఆయన అడగలేదు. ఈ నెల మేకలు ఈనుతున్నాయి, ఇద్దరికీ నిద్ర సరిగా లేదు.

ఆ నేల ఇచ్చెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి? కాగితం మీద నీ పేరుంటే ఉండొచ్చు. ఇన్నేళ్ళుగా అది ఎవరిదో, ఎందుకు వాడుకుంటున్నామో నీకు తెలుసు. తెలిసి కూడా ఆ బీమా వాడి ముందు కూర్చుని సంతకం పెట్టావు. ఒక్క మాట నన్ను అడగలేదు. ఇంతకంటే దీని గురించి కాగితం మీద రాయలేను.

నాన్న చర్చిలో తప్ప ఎవరి ముందూ మోకరిల్లలేదు. ఆయన చచ్చిపోయాక ఆ పని నీ చేత్తో చేయించావు. దగ్గడం కాదు, చూస్తే ఉమ్మేస్తాడు.

డెల్ఫీనా

డెన్వర్
ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. నేనేం దొంగతనం చేశానని? నాన్న నాకిచ్చిన నేల నేనిచ్చాను. నువ్వు వాడుకుంటున్నావని నాకు తెలియదా? తెలుసు. కానీ మేకలకి కొండ మొత్తం ఉంది. ఆ ముళ్ళలోనే మెయ్యాలని వాటికేమైనా మొక్కుందా? దొడ్డి కట్టుకోవడానికి కమ్మీలూ ముళ్ళతీగా నేను పంపిస్తాను, ఆ బాధ్యత నాది.

నాన్న సంగతి అంటావా. మోకాళ్ళ మీద ఉంచమని చెప్పింది కమిటీ. ముఖం పెట్టింది నేను. వాళ్ళు చెప్పినట్టు చేస్తూనే మన మనిషిని అందులోకి దూర్చాను, అది నీకు కనిపించలేదు. రాయికి ఏ ముఖమూ లేకుండా వదిలేస్తే నీకు బాగుండేదా?

కోపం తగ్గాక రాయి. లూస్ నిన్ను అడిగింది.

ఒనోఫ్రే

ఓహో సెకో
ఏప్రిల్ 11

ఒనోఫ్రే,

మేకలా.

ఆ మాట చదివి ఉత్తరం బల్ల మీద వదిలేసి బావి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తర్వాత సబీనా పెద్దమ్మ వచ్చింది. చదివి వినిపిస్తే, "వాడికి తెలియదేమోనే పిల్లా, మగవాళ్ళకి ఇవన్నీ ఎవరు చెబుతారు" అంది. నీకు రాయించానని అమ్మ నాతో అంది. రాయించిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నువ్వు దాని గురించి ఎత్తకపోతే, నా బాధ కదపకూడదని ఊరుకున్నావనుకున్నాను. అందుకే నిన్ను మెచ్చుకున్నాను కూడా.

సరే, రాస్తున్నాను. నువ్వు కొరియా యుద్ధంలో ఉన్న చలికాలం నాకు మగపిల్లాడు పుట్టాడు. ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని చరిచింది, నోట్లోకి ఊదింది. ఏడవలేదు. ఊపిరి లేని బిడ్డకి జ్ఞానస్నానం లేదు, జ్ఞానస్నానం లేని బిడ్డకి సమాధుల తోటలో చోటు లేదు అన్నారు అప్పటి ఫాదర్. మీ బావ తన చొక్కాలో చుట్టి, ఆపిల్ పెట్టెలో పెట్టి, గోడ అవతల తవ్వాడు. నేల గడ్డకట్టి ఉంది. ముందు నిప్పు పెట్టి కరిగించాల్సి వచ్చింది.

నా ఒక్కదానిదే కాదు. సబీనా పెద్దమ్మ పిల్లలిద్దరు అక్కడే. ఆవిడ అత్త పిల్లలు కూడా. ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. సిలువ పాతకూడదు, పేరు రాయకూడదు. అందుకని ఒక్కొక్కరికీ ఏటి నుంచి ఒక తెల్లరాయి తెచ్చి పెడతాం. రాళ్ళూ ముళ్ళూ తప్ప ఏముంది అన్నావు. ఆ రాళ్ళు మేం పెట్టినవి.

దొడ్డికి కమ్మీలు పంపకు.

డెల్ఫీనా

డెన్వర్
ఏప్రిల్ 20

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పనికి వెళ్ళలేదు. అమ్మ రాయించిన మాట నిజం. "అక్కకి ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు నయం, నువ్వు మేజోళ్ళు వేసుకో" అని రాయించింది. అంతే. నేను మేజోళ్ళ గురించి జవాబు రాశాను.

వెంటనే ఎస్కిబెల్‌కి ఫోన్ చేశాను. సంతకం వెనక్కి తీసుకోవడం కుదరదట, జిల్లా ఆఫీసులో నమోదైపోయింది. కానీ మనిషి చెడ్డవాడు కాదక్కా. మొత్తం విన్నాడు. తర్వాత, "నాకూ ఆడపిల్లలున్నారు, తల్లి మనసు నాకు తెలియదా" అన్నాడు. స్మారకం రోడ్డంచునే వస్తుందట. గోడ వైపు పార కూడా వెయ్యరట. తాడు కట్టి, గడ్డీ పూలమొక్కలూ వేయిస్తాడట. ఒట్టేసి చెప్పాడు. స్వయంగా వచ్చి నిన్ను కలుస్తానన్నాడు.

నిజం చెప్పనా, అది వినగానే నాకు మనసు తేలికైంది. ఇన్నాళ్ళూ ముళ్ళలో పడి ఉన్నవాళ్ళకి ఇప్పుడు పూలు. నాన్న ముఖం వాళ్ళ వైపు తిరిగేటట్టు కాస్త పక్కకి చెక్కుతున్నాను. కమిటీవాళ్ళకి తెలియదు.

బావకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

నీ తమ్ముడు
ఒనోఫ్రే

ఓహో సెకో
జూన్ 14

తమ్ముడికి,

నువ్వన్న మనిషి వచ్చాడు. తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు, మన ఊరి దుమ్ములోకి. నేను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడదామనుకున్నాను. టోపీ తీసేసి, గౌరవంగా, "దోన్యా డెల్ఫీనా, ముందు ఆ చోటు చూపించండి, తర్వాత మీరు తిట్టండి" అన్నాడు. తీసుకెళ్ళాను. ఒక్కో రాయినీ తప్పుకుంటూ నడిచాడు. సబీనా పెద్దమ్మ పిల్లల దగ్గర సిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత ఇంటికొచ్చి మొక్కజొన్నల పులుసు, పొసోలే, రెండు గిన్నెలు తాగాడు, మిరపకాయ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ. వెళ్ళేటప్పుడు మేక జున్ను ఇచ్చాను. ఇవ్వాలనిపించింది.

పనివాళ్ళు నిజంగానే పసుపు తాడు కట్టారు. వాళ్ళకి రోజూ కాఫీ పంపిస్తున్నాను. మీ బావ మాత్రం అటు వెళ్ళడం లేదు. "తాడు కడితే విప్పడానికెంతసేపు" అంటాడు. ఆయనకి అందరి మీదా అనుమానమే, నీకు తెలుసుగా.

ఈసారి మిరప నారు బాగా వచ్చింది. పురుగు పట్టకపోతే సెప్టెంబరులో నీకో బస్తా మిరపకాయలు కాల్చి పంపిస్తాను. ఆ ఫాదర్ల ముక్కులు ఎవరివి పెట్టావు? ఎస్కిబెల్‌ది మాత్రం పెట్టకు, అది సగం రాయి తినేస్తుంది.

లూస్‌కి నా దీవెనలు.

అక్క

డెన్వర్
ఆగస్టు 16

అక్కా,

ఆవిష్కరణకి రాలేకపోయాను, ఏమీ అనుకోకు. కమిటీ పంపిన కార్లో యజమాని, ఆయన భార్య, ఆమె చెల్లెలు కూర్చున్నాక చోటు లేదట. చెక్కినవాడికి చోటెందుకు, రాయి వెళ్ళిందిగా.

అయినా ఈ రోజు ఆ బాధంతా పోయింది. ఎస్కిబెల్ పత్రిక పంపించాడు. మొదటి పేజీలో నీ ఫొటో! బిషప్ గారు నీ రెండు చేతులూ పట్టుకుని ఉన్నారు, నువ్వు ఆయన ముఖంలోకి చూస్తూ ఏడుస్తున్నావు. కింద ఏం రాశారో చూశావా? "తొలి మిషనరీలకు దారి చూపిన వంశపు మహిళ ఆనందబాష్పాలు." ఎప్పుడూ ఫొటో అంటే ముఖం తిప్పుకునే నువ్వు. లూస్ దాన్ని పటం కట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

ఎన్ని మాటలన్నావు నన్ను. చివరికి నీకూ సంతోషమైంది కదా. వాళ్ళకి పూలు ఏం వేశారు? రాయి.

నీ తమ్ముడు
ఒనోఫ్రే

ఓహో సెకో
ఆగస్టు 24

ఒనోఫ్రే,

ముందు ఆ పటం గోడ మీద నుంచి తియ్యి.

జులై చివర ఒక శుక్రవారం మేం పశువులకి మందు వేయించడానికి కొండ మీదికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి పసుపు తాడు లేదు. గోడ వరకూ బుల్డోజర్ తోసేసింది. తెల్లరాళ్ళు ఒక్కటి లేదు. నేలంతా చదును చేసి కంకర పోశారు, కార్లు నిలపడానికి. గోడ పక్కన, సరిగ్గా సబీనా పెద్దమ్మ పిల్లలకీ నా వాడికీ మధ్య, పెద్ద గొయ్యి. ఏమిటని అడిగితే మేస్త్రీ, "మరుగుదొడ్లమ్మా. ఒకటి ఆడవాళ్ళకి, ఒకటి మగవాళ్ళకి. పెద్దవాళ్ళు వస్తున్నారుగా" అన్నాడు. మా కాఫీ తాగిన మనిషే. నా ముఖం వంక చూడలేదు.

తవ్విన మట్టి ఏటిగట్టున పోశారు. మీ బావ అక్కడికి వెళ్ళి పొద్దుగుంకేదాకా చేతులతో వెతికాడు. మేకుతో సహా ఒక చెక్కముక్క దొరికింది. జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కోలేదు. ఆ రాత్రి రొట్టె అలాగే తిన్నాడు.

ఎస్కిబెల్‌ ఇంటికి వెళ్ళాం, లేడన్నారు. ఫాదర్ దగ్గరికి వెళ్ళాం. "ఆ భూమి చర్చిది కాదు కదా, నేనేం చెప్పగలను" అన్నారు. నిజమే, ఎప్పుడూ వాళ్ళది కాదు.

ఆవిష్కరణ రోజు నల్ల బట్టలు కట్టుకుని వెళ్ళాను. బాజాలు, పిల్లల కవాతు, వేయించిన రొట్టెల వాసన. గుడ్డ లాగారు. "ఈ లోయను మొదట చూసిన మహనీయులు" అని పెద్ద అక్షరాలు. సబీనా పెద్దమ్మ, "వాళ్ళకి దారి చూపించినవాడికి కళ్ళు లేవా" అంది గట్టిగానే. ఎవరో నవ్వారు. నాన్న ముఖం చూశాను. బాగా చెక్కావు. అదే నాకు ఇంకా కంపరం పుట్టించింది. ఎవడో పిల్లాడు నాన్న భుజమెక్కి కూర్చుంటే వాడి తల్లి ఫొటో తీసింది. తాగేసిన సోడా సీసా ఆయన చాచిన చేతిలో నిలబెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత బిషప్ రాళ్ళ మీద పవిత్ర జలం చల్లడం మొదలుపెట్టారు. ఆ ఫాదర్ల తలల మీద, బూట్ల మీద, ఆ అక్షరాల మీద. నేను జనాన్ని ఆపడానికి కట్టిన తాడు కిందుగా దూరి ఆయన దగ్గరికి వెళ్ళాను. "అయ్యా, రాయికి చల్లుతున్నారు. ఆ నీళ్ళు కొంచెం అక్కడ కూడా చల్లండి" అని మరుగుదొడ్లు చూపించాను. ఆయనకి మన భాష సరిగా రాదు. నా చేతులు పట్టుకుని, "సంతోషం తల్లీ, సంతోషం" అన్నారు. "అక్కడ నా బిడ్డ ఉన్నాడు" అన్నాను. ఎస్కిబెల్ పరుగెత్తుకొచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. బిషప్ కళ్ళు చెమర్చాయి. అప్పుడే ఫొటో తీశారు. ఎస్కిబెల్ నా భుజం చుట్టూ చెయ్యేసి పక్కకి తీసుకెళుతూ, "పెద్దావిడ, ఎమోషనల్ అయిపోయింది" అని అందరికీ చెప్పాడు. వాడి వేళ్ళు ఇంకా నా భుజం మీద ఉన్నట్టే ఉంది. రోజూ రుద్ది కడుక్కుంటున్నాను.

అప్పటికే మరుగుదొడ్ల ముందు వరుస కట్టారు జనం.

పూలు వెయ్యలేదు.

డెల్ఫీనా

డెన్వర్
సెప్టెంబర్ 2

అక్కా,

పటం తీసేశాను. అద్దం పగలగొట్టలేదు, పగలగొడితే నీ ముఖం మీదే పడేది.

ఎస్కిబెల్ ఫోన్‌కి దొరికాడు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నువ్వు వినాలి. "ఎముకలేమీ దొరకలేదు ఒనోఫ్రే. అంత పసివాళ్ళ ఎముకలు మట్టిలో మట్టైపోతాయి. అంటే అక్కడ ఎవరూ లేనట్టే. మరుగుదొడ్లు ఎక్కడో ఒక చోట కట్టాలిగా, ఫాదర్ల విగ్రహాల ముందు కట్టమంటావా?" ఇంకా అన్నాడు, మీ అక్క ఇచ్చిన జున్ను చాలా బాగుంది అని. ఫోన్ పెట్టేశాక చెవి తుడుచుకున్నాను. ఎంత తుడిచినా తడిగానే అనిపించింది.

యజమానిని సెలవడిగాను. నవంబర్‌లో మృతుల పండగ వస్తోంది, సమాధి రాళ్ళ ఆర్డర్లున్నాయి, కుదరదన్నాడు. ఉలులన్నీ మూట కట్టుకుని వచ్చేశాను. పని ఉంటుందో లేదో తెలియదు. లూస్ వెళ్ళమంది.

గురువారం బస్సుకి దిగుతాను. సిమెంటు పెచ్చులు రేపే సుత్తి నా దగ్గర ఉంది. ఏం చేద్దామన్నా సరే.

ఒనోఫ్రే

ఓహో సెకో
నవంబర్ 7

తమ్ముడికి,

కొత్త చోట పని దొరికిందని లూస్ రాసింది. మెట్లూ గడపలూ చెక్కే పని అయినా మంచిదే. వాటి మీద మనుషులు నడుస్తారు, మొక్కరు.

నువ్వు సుత్తి పట్టుకుని దిగిన రోజు నిన్ను ఆపానని నీకింకా మనసులో ఉందేమో. మరుగుదొడ్లు పగలగొడితే నిన్ను జైల్లో పెట్టి, ఇంకా పెద్దవి కట్టేవాళ్ళు. వాటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చోవడమే మంచిదన్నాను. నువ్వున్న వారం మాతో కూర్చున్నావు, తర్వాత ఏమైందో నీకు తెలియదు కదా, అది రాయడానికే కూర్చున్నాను.

నువ్వు వెళ్ళాక కూడా రోజూ కూర్చున్నాం. మరుగుదొడ్ల తలుపుల ముందు ఇటూ అటూ కుర్చీలు. చిక్కుళ్ళు ఒలిచాం, ఊలు అల్లాం, మిరపకాయలు దండలు గుచ్చాం. వచ్చిన ప్రతివాళ్ళకీ సబీనా పెద్దమ్మ ఒకటే మాట: "కింద మా పిల్లలున్నారు నాయనా. ఆగలేకపోతే వెళ్ళు." చాలామంది వెనక్కి తిరిగారు. ఒక ఆవిడ కారెక్కి తలుపేసుకుని ఏడ్చింది. కొందరు మమ్మల్ని పిచ్చివాళ్ళన్నారు. టెక్సాస్ నుంచి వచ్చిన ఒకాయన మొత్తం విని, క్షమించండన్నాడు, టోపీ తీశాడు, తీసి లోపలికి వెళ్ళాడు. మేం ఇద్దరం కుర్చీల్లో కూర్చుని అదంతా విన్నాం. పెద్దమ్మ అల్లిక ఆపలేదు. ఆయన వెళ్ళాక వాంతి చేసుకుంది.

మీ బావ అప్పటిదాకా దూరంగా ఉండేవాడు. ఆ మర్నాడు తనూ ఒక కుర్చీ తెచ్చుకున్నాడు. తలుపుకి వీపు ఆనించి, సరిగ్గా మధ్యలో వేసుకున్నాడు. ఆయన్ని దాటి ఎవరూ వెళ్ళలేదు. ఏమీ అనడు, చూస్తాడు, అంతే. షెరీఫ్ పంపిన పోలీసు వచ్చి లేవమన్నాడు. "నువ్వు లోపలికి వెళ్ళాలా?" అని అడిగాడు మీ బావ. అతను వెళ్ళిపోయాడు. అతని నాయనమ్మ మన ఊరిదే.

బస్సు కంపెనీలు జిల్లాకి ఫిర్యాదు చేశాయట, యాత్రికులు ఇబ్బంది పడుతున్నారని. మన మాట మీద కాదు, వాళ్ళ ఇబ్బంది మీద కదిలారు. పోయిన సోమవారం లారీ వచ్చింది. రేకు గోడలు విప్పి, గొయ్యిలో సున్నం పోసి, పూడ్చేశారు. కొత్తవి రోడ్డుకి అవతల కడుతున్నారు. పత్రికలో ఏమని వేశారో తెలుసా: మురుగు సరిగా పారనందున. ఎస్కిబెల్ సంతకం. ఆ మాట పట్టుకుని సబీనా పెద్దమ్మ రోజంతా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కంకర మాత్రం తియ్యరట. మేమే తీస్తున్నాం, తట్టలతో. రాళ్ళు మళ్ళీ ఎక్కడ పెట్టాలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. పెద్దమ్మా నేనూ ఒక చోటు దగ్గర పోట్లాడుకున్నాం కూడా. చివరికి నేల మొత్తానికీ పెడదాం అనుకున్నాం, ఎక్కడ పడితే అక్కడ. నాన్న విగ్రహం నువ్వు వచ్చి ఏమైనా చేస్తానంటే చెయ్యి, ఒద్దంటే ఒద్దు. నేను చేతిలోని సీసాలు తీసి పారేస్తున్నాను. రోజూ కొత్తవి పెడుతున్నారు.

నిన్న ఫాదర్ వచ్చారు. ఇప్పుడు రోమ్‌లో ఆలోచనలు మారుతున్నాయట, దేవుడి దయ పెద్దదట. తన తోలు సంచీలో పవిత్ర జలం తెచ్చుకున్నారు. సమాధుల తోట గేటు తీసుకుని గోడ దాటి మా వైపు రాబోయారు. నా చేతుల్లో తట్ట ఉంది. దించలేదు.

"మంచి పని చేద్దామనే వచ్చాను, డెల్ఫీనా," అన్నారు.

"తెలుసు ఫాదర్," అన్నాను. "మీరు అవతలే ఉండండి."

ఆయన గేటు వేసుకుని వెళ్ళిపోయారు. మేం చీకటి పడేదాకా కంకర ఎత్తాం.

అక్క
డెల్ఫీనా